అరుగుదలకు మార్కులు

ఈమధ్య నా వేళ్ళలో ఒక కొత్త అలవాటు గమనిస్తున్నాను. దేవుడి గదిలో కుంకుమ భరిణె పక్కన ఉండే చార్మినారు రూపాయిని తీసినప్పుడల్లా బొటనవేలూ చూపుడువేలూ దాని అంచుల్ని మాత్రమే పట్టుకుంటున్నాయి. ముఖం మీద వేలు పడనివ్వడం లేదు. నాణేలు పోగుచేసే మిత్రుల సావాసంలో వచ్చిన జాగ్రత్త ఇది. చర్మం మీది చెమటా జిడ్డూ వెండికి పడవనీ, ఇవాళ్టి వేలిముద్ర కొన్నాళ్ళకు మచ్చై తేలుతుందనీ వాళ్ళు చెప్పగా విన్నాను. విన్నది నిజమే. కానీ మా అమ్మ ఈ రూపాయిని ఏనాడూ అలా పట్టుకోలేదు. శ్రావణమాసం వస్తే అరచేతిలో వేసుకుని, నానబెట్టిన చింతపండుతో రెండువైపులా తోమి, చెంబుడు నీళ్ళు పోసి, కొంగుతో అద్ది, పసుపు రాసి, బొట్టు పెట్టి లక్ష్మీదేవి పటం ముందు ఉంచేది. ఆవిడ పిడికిట్లో అది పూర్తిగా ఇమిడిపోయేది. నా చేతిలో అంచుల మీద నిలబడుతోంది. నాణెం అదే, ఇల్లు అదే. మరి ఈ జాగ్రత్త ఎవరి కోసం? ఎప్పటికైనా వస్తాడో రాడో తెలియని ఒక కొనుగోలుదారు కోసమా?

ఈ ప్రశ్నను లేపింది మా మేనల్లుడు. డాలస్ దగ్గర ఉంటాడు. అక్కడికి వెళ్ళాకే వాడికి పాత నాణేల మీద మనసు పడింది. కిందటిసారి వచ్చినప్పుడు ఈ రూపాయిని కిటికీ వెలుతురులో అటూ ఇటూ వంచి చూసి, "మామా, దీన్ని గ్రేడింగుకు పంపుదామా?" అన్నాడు. తన దగ్గరున్న నాణేల ఫొటోలు ఫోనులో చూపించాడు. ఒక్కొక్కటీ పారదర్శకమైన ప్లాస్టిక్ పెట్టెలో, విరగ్గొడితే తప్ప తెరుచుకోకుండా మూసి ఉంది. స్లాబ్ అంటారట దాన్ని. పైన ఒక చీటీ: దేశం, సంవత్సరం, నాణెం రకం, ఒక వరుస సంఖ్య, డెబ్బైకి ఎంత వచ్చిందో చెప్పే అంకె. ఒక్కో ఫొటో వచ్చినప్పుడల్లా నా కన్ను ముందు ఆ అంకె మీదికే పోతోంది, ఆ తర్వాతే నాణెం మీదికి. వాడు వెళ్ళిపోయాక కూడా ఆ సంగతి నన్ను వదల్లేదు. చూడటానికి అందంగా ఉన్న ఒక వెండి బిళ్ళను చూసే ముందు, అది ఎంత అందమో ఎవరో చెప్పిన మాట కోసం నా కళ్ళు ఎందుకు వెతికాయి?

ముందు ఖర్చు సంగతి చూద్దామనుకున్నాను. డబ్బు లెక్క తేలితే మనసూ తేలికపడుతుందని ఆశ. ఈ పనికి ప్రపంచమంతా నమ్మే పేర్లు ముఖ్యంగా రెండు: కాలిఫోర్నియాలో పీసీజీఎస్, ఫ్లోరిడాలో ఎన్‌జీసీ. మామూలు నాణేనికి రుసుము ఇరవై, ముప్ఫై డాలర్ల దగ్గర మొదలవుతుంది. నాణెం విలువ పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది. దాని మీద సభ్యత్వం, రానూపోనూ పార్సిలు, బీమా, మధ్యలో పంపిపెట్టేవారి కమీషను. ఇక మా రూపాయి సంగతంటారా, కొత్తగా ఉన్నప్పుడు దాని బరువు 11.18 గ్రాములు. అందులో వెండి నూటికి 81.8 పాళ్ళు, అంటే తొమ్మిది గ్రాముల పైచిలుకు. అరిగిపోయిన చార్మినారు రూపాయలు కావలసినన్ని దొరుకుతాయి కాబట్టి బజారులో దాని ధర వెండి ధర చుట్టూనే తిరుగుతుంది. పంపి తెప్పించుకోవడానికి అయ్యే ఖర్చు నాణేన్ని మించిపోతుంది. గిట్టదు. లెక్క ఒక్క కాగితం మీద తేలిపోయింది. అయినా ప్రశ్న మాత్రం అక్కడే కూర్చుంది. అంటే అది డబ్బు ప్రశ్న కాదన్నమాట.

రూపాయిని ఒకసారి దగ్గరగా చూస్తాను. ఒకవైపు చార్మినారు. మినార్ల మీది సన్నగీతలు చాలావరకు నున్నబడి పోయాయి, కట్టడం ఆకారం మాత్రం స్పష్టంగా ఉంది. నడిమి కమాను లోపల, ద్వారంలో, ఒక ఉర్దూ అక్షరం ఉంది: ఐన్. ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ పేరులోని మొదటి అక్షరం. అంతకుముందు ఆయన తండ్రి మహబూబ్ అలీఖాన్ కాలపు నాణేల మీద అదే ద్వారంలో మీమ్ ఉండేది. రాజు మారితే కట్టడం అలాగే ఉండి గుమ్మంలోని అక్షరం ఒక్కటే మారడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది. ఉస్మాన్ అలీఖాన్ తొలి ఏడాది నాణేల మీద ఆ ఐన్ తల మాత్రమే కనిపిస్తుంది, తర్వాతి వాటిలో అక్షరం పూర్తిగా ఉంటుంది. ఎరిగినవాళ్ళు ఆ తేడా కోసమే భూతద్దం పట్టుకుంటారు. మాది పూర్తి ఐన్. హిజ్రీ సంవత్సరం 1337, అంటే 1918 చివరా 1919లోనూ. మహమ్మద్ అనే పేరుకు అక్షరాల లెక్కన వచ్చే 92 కూడా నాణెం మీద చిన్నగా ఉంటుంది. రెండోవైపు విలువ, ఏలుబడి సంవత్సరం, టంకశాల ఊరి పేరు. ఇవన్నీ చూశాక నాణేన్ని నిలబెట్టి పై అంచు చూస్తే, ఒకచోట గాళ్ళు చెరిగిపోయి, కాస్త మసకగా, పిసరంత లోహం ఎక్కువగా ఉన్నట్టు కనిపిస్తుంది. కొక్కెం అతికిన గుర్తు అది.

మా అమ్మమ్మ మెడలో రూపాయల పేరు ఉండేదట. నేను చూడలేదు. నేను పుట్టేనాటికే దాన్ని విప్పి కూతుళ్ళకు తలా ఇన్ని పంచేశారు. నాకు గుర్తున్నది ఆవిడ లెక్కలే. ఏ వస్తువు ధర చెప్పినా "హాలీయా, కల్దారా?" అని అడిగేది. నిజాం రూపాయి హాలీ, ఇంగ్లీషువాళ్ళ రూపాయి కల్దారు. ఏడు హాలీలకు ఆరు కల్దార్లు. దేశమంతా ఒకే రూపాయి అయ్యాక కూడా ఆవిడ మనసులో ఆ రెండు రూపాయలూ పక్కపక్కనే నడిచాయి. పేరు విప్పినప్పుడు కంసాలి కొక్కేలు ఊడదీసి, అంచులు ఆకురాయితో సాపు చేసి ఇచ్చాడని అమ్మ చెప్పేది. అమ్మ చెల్లెళ్ళ వంతు రూపాయలు మెల్లమెల్లగా కరిగి పట్టీలయ్యాయి, కుంకుమ భరిణెలయ్యాయి, ఒకసారి ఎవరి ఆసుపత్రి ఖర్చుకో పోయాయి. అమ్మ దగ్గర ఇదొక్కటే మిగిలింది.

ఇప్పుడు దీన్ని గ్రేడింగు బల్ల మీద పెడితే ఏమవుతుంది? ఆ బల్ల దగ్గర కూర్చునేవాళ్ళకు అన్యాయం చేసే ఉద్దేశం నాకు లేదు. వాళ్ళు ఒకే దీపం కింద, లెన్సు పెట్టి, పక్కవాళ్ళు ఏం అనుకున్నారో తెలియకుండా విడివిడిగా చూస్తారు. చింతపండు పులుపు వెండి పైపొరను తినేసిందని వెంటనే పట్టేస్తారు. తోమినప్పుడు పడ్డ సన్నని గీతలు ఒకే దిక్కుగా మెరవడం చూస్తారు. అంచు మీద అతుకు గుర్తు సరేసరి. ఇలాంటి నాణేలకు వాళ్ళు అంకె వేయరు. నాణెం అసలైనదే, కాని శుభ్రం చేశారు, కొక్కెం తీసేశారు అని చీటీ మీద రాసి పెట్టెలో మూసి పంపుతారు. రాసిన ప్రతి మాటా నిజం. మా అమ్మ, అమ్మమ్మ ఆ రూపాయితో చేసినవన్నీ ఆ రెండు లోపాల్లో దొరుకుతాయి. మెడలో వేసుకున్నారు, ఏటేటా కడిగి పూజించారు. ఒక లోహపు వస్తువుకు జరిగిన నష్టంగా చూస్తే అది నష్టమే, కాదనను. కానీ దాన్ని దాచుకోవడానికి నాకున్న కారణమూ సరిగ్గా అదే కదా. నా కారణం వాళ్ళ పట్టికలో లోపాల గడిలో పడుతుందని తెలిసి, ఆ చీటీ కోసం నేను ఎందుకు డబ్బు కట్టాలి?

ఈ డెబ్బై ఎక్కడ నుంచి వచ్చింది అని వెతికితే మరో చిక్కు ఎదురైంది. వందకు కాకుండా డెబ్బైకి ఎందుకు? విలియం షెల్డన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1949లో తమ దేశపు తొలినాళ్ళ పెద్ద రాగి సెంట్ల మీద ఒక పుస్తకం వేశాడు. మనుషుల శరీరాకృతులను రకాలుగా విభజించి, వాటికి అంకెలిచ్చి, స్వభావాలకు ముడిపెట్టినవాడూ ఆయనే. అప్పటి ధరలు చూస్తే, బొమ్మ అసలు ఆనవాలు పట్టడమే కష్టంగా ఉన్న సెంటుకు ఒక వంతు పలికితే, టంకశాల నుంచి అప్పుడే వచ్చినట్టున్న దానికి డెబ్బై వంతులు పలుకుతుందని ఆయన లెక్క. అంటే ఆ అంకె మొదట ధర చెప్పే అంకె. కొన్నాళ్ళకు ధరలు ఆ నిష్పత్తిని దాటి ఎటో వెళ్ళిపోయాయి. అంకె మాత్రం ఉండిపోయింది. ఉండిపోయి రాగి సెంట్ల నుంచి వెండికీ బంగారానికీ, అమెరికా నుంచి అన్ని దేశాల నాణేలకూ పాకింది. ఇంకో సంగతి చదివి చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. షెల్డన్ చనిపోయాక తేలిందట, న్యూయార్కులోని అమెరికన్ న్యుమిస్మాటిక్ సొసైటీ సేకరణలోని మంచి సెంట్లను తీసి, వాటి స్థానంలో తన దగ్గరున్న తక్కువరకం సెంట్లు పెట్టాడని. నాణ్యతకు కొలబద్ద తయారుచేసినవాడి కళ్ళకు నాణ్యమైన వస్తువు ఎంత ఆకర్షణో కదా అనిపించింది. కొలత తప్పని దీంతో రుజువు కాదు. అయినా ఆ అంకె చూసినప్పుడల్లా ఆ కథ గుర్తుకు వస్తూనే ఉంటుంది.

మరి ఇంత డబ్బు కట్టి జనం ఎందుకు పంపుతున్నారు? దానికీ బలమైన కారణముంది. 1986లో పీసీజీఎస్, ఆ మరుసటేడు ఎన్‌జీసీ మొదలయ్యే ముందు అమెరికా నాణేల బజారులో చాలావరకు అమ్మేవాడు చెప్పిందే స్థితి, కొనేవాడు నమ్మిందే ధర. ఒకే నాణెం అమ్మేటప్పుడు చెలామణి కానిదయ్యేది, కొనేటప్పుడు అరిగినదయ్యేది. మోసపోయినవాళ్ళు తక్కువేం కాదు. ఒక మూడోమనిషి చూసి, అసలుదని హామీ ఇచ్చి, పెట్టెలో మూసేసరికి ఎక్కడో ఊరిలో కూర్చున్నవాడు కూడా నాణెం చూడకుండా కొనగలిగాడు. దాన్ని చిన్నబుచ్చను. అయితే మనిషి కన్ను మనిషి కన్నే. నేను చాలా ఏళ్ళు పదో తరగతి జవాబుపత్రాలు దిద్దినవాణ్ణి. ఒకరి చేతిలో 58 వచ్చిన పేపరు రీవాల్యుయేషనుకు వెళ్ళి 61తో తిరిగి రావడం నాకు కొత్త కాదు. ఇక్కడా అంతే. అంకె తక్కువైందనుకున్నవాళ్ళు పెట్టె పగలగొట్టి మళ్ళీ పంపుతారు, ఒక్కోసారి ఎక్కువ వస్తుంది. అరవైనాలుగుకూ అరవైఐదుకూ మధ్య ధర ఎన్నో రెట్లు మారే నాణేలున్నాయి మరి. ఆ ఆశకు ఇంకో రుసుము. ఇది ఎంతదాకా వెళ్ళిందంటే, పీసీజీఎస్ స్థాపకుల్లో ఒకరూ, ఎన్‌జీసీని నెలకొల్పినవారూ అయిన జాన్ ఆల్బనీస్ 2007లో సీఏసీ అని మరో సంస్థ పెట్టారు. పెట్టెలో ఉన్న నాణెం తన అంకెకు నిజంగా తగినదేనా అని అది చూసి, తగినదైతే పెట్టె మీద ఆకుపచ్చ బిళ్ళ అతికిస్తుంది. తీర్పు మీద తీర్పు. నమ్మకానికి ఇంకో నమ్మకం కావలసి వస్తే ఆ మెట్లు ఎక్కడ ఆగుతాయి?

అంకెలు చెప్పే కథల్లో నాకు బాగా నచ్చినది యాభైఎనిమిదిది. అరవై నుంచి పైన చెలామణి కానివి. యాభైఎనిమిది అంటే కాస్త చెలామణి అయినది, ఎత్తైన చోట్ల పిసరంత అరుగుదల ఉన్నది. వరుస ప్రకారం అరవై దీనికన్నా మేలు. కానీ కంటికి చాలాసార్లు యాభైఎనిమిదే బాగుంటుంది. ఎందుకంటే అరవై వచ్చిన నాణెం ఏ జేబులోకీ వెళ్ళకపోయినా టంకశాలలో పుట్టిన రోజే మిగతా నాణేలతో కలిసి సంచిలో పడింది, దొర్లింది, బుగ్గలనిండా గాట్లు తెచ్చుకుంది. ఏ చేయీ తాకకుండానే గాయపడింది. యాభైఎనిమిదిది కొన్ని చేతుల్లోంచి నడిచి వచ్చి, అదృష్టం కొద్దీ పెద్ద దెబ్బలు లేకుండా మెరుపు నిలుపుకుంది. అరుగుదలను తప్పుగా, మెరుపును ఒప్పుగా చూసే పట్టికలో ఇలాంటి నాణెం ఎక్కడ నిలబడాలి? ఈ ఇబ్బంది ఆ సేకరణకర్తల్లోనే కొందరికి తోచినట్టుంది. పీసీజీఎస్ వరుసల్లోనే లో బాల్ అని ఒక పోటీ ఉంది. అందులో ఎవరి నాణేలు అందరికన్నా ఎక్కువ అరిగితే వాళ్ళు ముందు. డెబ్బైకి ఒకటి తెచ్చుకోవడం కోసం వెతుకుతారు. అదేమీ సులువు కాదు. నాణెం బాగా అరగాలి, కానీ ఏ సంవత్సరానిదో ఏ రకానిదో గుర్తుపట్టేంత మిగలాలి. వంగకూడదు, చిల్లు పడకూడదు. కొన్ని దశాబ్దాలపాటు ఎంతోమంది దాన్ని సొంతం చేసుకోకుండా వాడుకోవాలి. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి ఆ సంస్థల మీద నాకు కాస్త మమకారం కలిగిందనే చెప్పాలి.

ఇదంతా అమెరికా వాళ్ళు కనిపెట్టిన పిచ్చి అని కొట్టిపారేయడానికీ వీల్లేదు. నాణేన్ని పరీక్షించి రుసుము తీసుకోవడం మన నేల మీద ఎంత పాతదో అర్థశాస్త్రం చెబుతుంది. రెండో అధికరణంలో కౌటిల్యుడు రూపదర్శకుడనే అధికారిని ప్రస్తావిస్తాడు. చెలామణిలో ఉన్నవి, కోశానికి చేరేవి పరీక్షించడం ఆయన పని. అందుకు నూరు పణాలకు ఎనిమిదోవంతు పణం పరీక్ష రుసుము. ఇప్పటి రుసుముల పక్కన పెట్టి చూస్తే ఎంత తక్కువో! అయితే ఆ పరీక్ష నాణెం చెల్లుతుందా లేదా అన్నంతవరకే. అందంగా ఉందా అని ఎవరూ అడగలేదు. తర్వాతి కాలంలో నాణేలు పరీక్షించి మార్చే సరాఫులు వచ్చారు. మొగలాయీ రూపాయలను పట్టుకుంటే చాలావాటి మీద చిన్నచిన్న గాట్లు, గుర్తులు కనిపిస్తాయి. లోపల కూడా వెండేనా అని సరాఫు చూసుకుని వేసిన ముద్రలవి. ఆ నాటికి అవి నమ్మకానికి గుర్తు, ఈనాటి గ్రేడింగు చీటీలో అవే లోపం. బెంగాల్లో అయితే రూపాయి మీది ఏలుబడి సంవత్సరం పాతబడితే చాలు, సరాఫులు బట్టా కోసేవారు. ఆ బాధ పడలేక ఈస్టిండియా కంపెనీ మొగలు చక్రవర్తి షా ఆలం ఏలుబడి 19వ సంవత్సరాన్ని అచ్చు మీద అలాగే ఉంచేసి, ఏళ్ళు గడిచినా అదే అంకెతో రూపాయలు కొట్టింది. నాణేనికి వయసు రాకుండా చేశారన్నమాట. చేతులు మారే ప్రతిచోటా మధ్యలో ఒక పరీక్షకుడు ఉన్నాడు, అతనికి కొంత ముట్టింది. దాన్ని నేను తప్పుపట్టలేను. ఒకరినొకరు ఎరగని ఇద్దరి మధ్య సొమ్ము నడవాలంటే ఆ మూడోమనిషి కావాలి. నా సందేహం అతని గురించి కాదు. ఇద్దరూ లేని చోట, ఒక్క నేనే ఉన్న చోట, అతనితో నాకు ఏం పని అన్నదే.

ఆలోచన ఇలా సాగుతుండగా కోటిలింగాల గుర్తుకు వచ్చింది. గోదావరి ఒడ్డున, ఇప్పటి జగిత్యాల జిల్లాలోని ఊరు. అక్కడ వాన వెలిసిన మట్టిలో, ఏటి గట్టున, దొరికిన నాణేలు ఎక్కువగా రాగివీ సీసానివీ. మట్టి తిని పచ్చబడ్డవి, అంచులు కొరికేసినట్టున్నవి, అక్షరాలు సగం మిగిలినవి. పుత్తడి తళుకు లేదు, వెండి నిగారింపు లేదు. కానీ పి.వి. పరబ్రహ్మశాస్త్రి వంటి పండితులు వాటిని చదివేసరికి గోబద, నారన, సమగోప అన్న, అంతకుముందు ఎవరూ ఎరగని రాజుల పేర్లు బయటపడ్డాయి. శాతవాహన వంశానికి మొదటివాడిగా పురాణాలు చెప్పే సిముకుడి పేరుతోనూ నాణేలు దొరికాయి. మన చరిత్ర పుస్తకాల్లో ఒక అధ్యాయం మారిపోయింది. అలాంటి నాణేన్ని డెబ్బైకి ఎంత అని అడిగితే వచ్చే అంకెకూ, అది మోసుకొచ్చిన వార్తకూ ఏ సంబంధమూ లేదు. అరిగిన రాగి బిళ్ళ మీద మిగిలిన మూడక్షరాలు చదవగలిగిన కన్ను వేరు, తళుకును తూచే కన్ను వేరు. రెండూ కావాలేమో. కానీ రెండూ ఒక్క పేరుతో, విలువ అన్న పేరుతో, తిరగడం వల్లే మనకు ఇంత తికమక.

మేనల్లుడికి ఫోనులో ఇవన్నీ చెప్పబోయి, చివరకు చట్టం సంగతి ఒక్కటే చెప్పాను. అది ముందే చెప్పి ఉంటే మాట అక్కడే ఆగిపోయేది. 1972 నాటి పురావస్తువులు, కళాఖండాల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన నాణెం పురావస్తువు. దాన్ని ఎవరికి వారు దేశం బయటికి పంపడానికి వీల్లేదు. మన రూపాయి 1919 దాటనిది. కాబట్టి అమెరికాకు పంపే ప్రశ్నే లేదు, గ్రేడింగు చేయించాలంటే దేశం దాటకుండా జరిగే దారి ఉంటేనే. ఏడాది గడిచేకొద్దీ ఆ గీత ముందుకు జరుగుతుంటుంది, ఉస్మాన్ అలీఖాన్ రూపాయల్లో కొత్త సంవత్సరాలు దాని లోపలికి వచ్చి చేరుతుంటాయి. వాడు కాసేపు ఏమీ అనలేదు. "అయితే మంచిదే మామా, అమ్మమ్మ రూపాయి అమ్మమ్మ ఇంట్లోనే ఉంటుంది," అన్నాడు. వాడు ఆ మాట అన్నప్పుడు నాకు సంతోషం కలిగింది. పెట్టె బదులు ఒక మందపాటి కాగితం కవరు తీసి, దాని మీద బరువు, హిజ్రీ సంవత్సరం, అమ్మమ్మ పేరు, రూపాయల పేరు సంగతి, కంసాలి కొక్కెం ఊడదీసిన సంగతి రాశాను. ఇంట్లో నా తర్వాత ఎవరు తీసినా అంచు మీది ఆ మసక ఏమిటో తెలియాలి కదా. ఆ పని ఎవరో చేసిపెట్టేది కాదు, దానికి రుసుమూ లేదు.

ఇంతా చెప్పి గ్రేడింగు వద్దని నేను ప్రచారం చేస్తున్నానా అంటే కాదు. మా వీధిలో ఆర్టీసీలో చేసి రిటైరైన ఒక పెద్దాయన ఉన్నారు. వాళ్ళ నాన్నగారి ట్రంకు పెట్టెలో ఆరో జార్జి బొమ్మతో 1939 రూపాయి ఒకటి దొరికింది. పట్టుకుని నా దగ్గరకు వచ్చారు. ఆ సంవత్సరం రూపాయి ఎంత అరుదో నాణేలు ఎరిగినవాళ్ళందరికీ తెలుసు. నూటికి 91.7 పాళ్ళ వెండితో కొట్టిన చివరి రూపాయి అది. అందులోనూ బయటికి వచ్చినవి చాలా కొద్ది. మరుసటేడు, 1940లో, వెండి సగానికి పడిపోయింది, అంచు తీరూ మారింది. అందుకే దాని ధర మిగతా రూపాయల ధరలకు అందదు. అందుకే నకిలీలూ ఎక్కువ. అంకె మార్చినవి, పోతపోసినవి ఏ ఊరి సంతలోనైనా కనిపిస్తాయి. ఆయన దాన్ని అమ్మదలచుకున్నారు. కొడుకు ఇల్లు కట్టుకుంటున్నాడు. కొనేవాడు ఎవరో, ఏ ఊళ్ళో ఉంటాడో తెలియదు. ఆ కొనేవాడికి ఆయన మాట మీద నమ్మకం ఉండదు, ఆయనకూ దుకాణదారు చెప్పే ధర మీద నమ్మకం లేదు. ఇక్కడ ఆ మూడోమనిషి కావాలి. నూరేళ్ళు నిండనిది కాబట్టి ఆ చట్టం కూడా అడ్డు కాదు. పంపండి అని నేను ఏ సందేహమూ లేకుండా చెప్పాను.

పంపే ముందు ఖర్చు లేని పరీక్షలు చేద్దామన్నాను. ఇద్దరం గుల్జార్‌హౌజ్ దగ్గర తెలిసిన వెండి దుకాణానికి వెళ్ళాం. కొత్త రూపాయి బరువు 11.66 గ్రాములు ఉండాలి. తూకం మీద పెడితే 11.6కు కాస్త పైన ఆగింది, వాడిన నాణేనికి అది సరైన తగ్గుదలే. అయస్కాంతానికి అంటుకోలేదు. అంచు చుట్టూ గాళ్ళు నిటారుగా, ఎక్కడా తెగకుండా ఉన్నాయి. 1940 తర్వాతి అంచు అయితే ఇక్కడే పట్టుబడేది. చివరి 9 అంకె చుట్టూ నేల రంగు మారిందా, గోకిన ఆనవాలు ఉందా అని లెన్సుతో చాలాసేపు చూశాం. నాకేమీ కనిపించలేదు. కానీ నాకు కనిపించకపోవడం లక్షల రూపాయల మాటకు చాలదు. "నకిలీ అని రాసి పంపిస్తేనో? కట్టిన డబ్బు దండగే కదా?" అన్నారాయన. కొన్నవాడు రేపు మీ గుమ్మంలో నిలబడి అడగడం కంటే ఇవాళ మీకే తెలియడం మంచిది కదా అన్నాను. ఆయన తలూపారు. ఇంటికి వచ్చి ఫారం నింపడం మొదలుపెట్టాం. పేరు, చిరునామా, దేశం, సంవత్సరం, టంకశాల బొంబాయి. ఆ తర్వాత గడిలో నాణెం విలువ ఎంతో పంపేవారే రాయాలి. దాన్నిబట్టే రుసుము, దాన్నిబట్టే బీమా. అసలుదైతే ఒక మొత్తం రాయాలి, కాకపోతే వెండి ధర. ఏదో తెలుసుకోవడానికే కదా పంపుతున్నది! ఆయన పెన్ను పట్టుకుని నా వైపు చూశారు. ఆ గడి తప్ప మిగతాదంతా నింపి ఉంది. రేపు ఇంకొకరిని అడిగి రాద్దామనుకున్నాం.